ఫాస్ట్ కార్: ట్రేసీ చాప్‌మన్ పాడినదా, ల్యూక్ కూంబ్స్ పాడినదా?

ఒకే పాట, మధ్యలో 35 ఏళ్ల దూరం. ట్రేసీ చాప్‌మన్ 1988లో విడుదల చేసింది ఫోక్ పాటగా. ల్యూక్ కూంబ్స్ 2023లో దాన్ని కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీత శైలి) సింగిల్ చేశాడు.

చాప్‌మన్ రికార్డింగ్‌లో ముందు వినిపించేది గిటార్ తీగలపై తిరిగి తిరిగి వచ్చే ఒక చిన్న వరస. ఆమె గొంతు పెంచదు. పేదరికం, తాగుడికి బానిసైన తండ్రి, సూపర్‌మార్కెట్‌లో ఉద్యోగం, అన్నీ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటాయి. డ్రమ్స్ గట్టిగా పడేది పల్లవిలోనే. అందుకే అక్కడ గుండె ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఏడాది జూన్‌లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. గాయకుడు స్టీవీ వండర్ పరికరాలకు ఇబ్బంది రావడంతో ఖాళీ దొరికి, ఈమె మళ్లీ వేదికెక్కి ఈ పాట పాడింది. ఆ తర్వాత అమ్మకాలు దూసుకెళ్లాయి. అమెరికా పాటల వారపు జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానం దక్కింది.

కూంబ్స్‌ది బరువైన, గరుకు గొంతు. అతను ఆ గిటార్ వరసను ముట్టుకోలేదు. పాటలో చెప్పుకునేది ఆడమనిషి, ఆ మాటలూ మార్చలేదు. నాకు బాగా నచ్చింది అదే. హాట్ 100లో 2వ స్థానం, కంట్రీ రేడియోలో మొదటి స్థానం వచ్చాయి. సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ గీతం బహుమతి రచయితగా చాప్‌మన్‌కే దక్కింది. ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే.

కారులో గట్టిగా గొంతు కలపాలంటే కూంబ్స్‌ది పెట్టుకోండి. కథ వినాలంటే మాత్రం చాప్‌మన్‌దే, నా వరకు పోటీయే లేదు. 2024 గ్రామీ వేదికపై ఇద్దరూ కలిసి పాడిన వీడియో కూడా తప్పక చూడండి. కూంబ్స్ ఆమె వైపే చూస్తూ పాడతాడు.