కట్ట మీద జాబితా: పక్షి వీక్షకుల సంఘంలో కొన్నేళ్లు

హైదరాబాద్ పడమటి చెరువుల చుట్టూ తిరిగే ఒక పక్షి వీక్షకుల సంఘంలో నేను సభ్యురాలిని. చేరి కొన్నేళ్లయింది. ఆదివారం చీకటితో బయలుదేరడం, మెడలో బైనాక్యులర్, వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలు ఏ సంఘంలోనైనా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నన్ను ఇంతకాలం నిలిపి ఉంచింది మాత్రం నడక ముగిశాక కట్ట మీద కూర్చుని జాబితా చదివే ఆ కాసేపే.

టిఫిన్ డబ్బాలు తెరుచుకుంటాయి. ఒకరు పేర్లు వరుసగా చదువుతారు. ‘‘నీటికాకి?’’ ‘‘నలభై.’’ ‘‘బొల్లికోడి?’’ ‘‘ఇటువైపు నూట ఇరవై, అలుగు దగ్గర ఇంకో ముప్పై.’’ ఎవరూ పలకని పేరును దాటి ముందుకు పోతారు. ఒక్కరే చూసి, ఆనవాలు చెప్పలేకపోతే ఆ పక్షి జాబితాకెక్కదు, చూసినవారు ఎంత సీనియరైనా సరే. ఒకసారి ఇంటర్ చదివే అమ్మాయి, ‘‘సార్, అది నల్లగద్ద కాదేమో, తోక చీలినట్టు లేదు’’ అంది. జాబితా రాసే సారు రెండు ప్రశ్నలు అడిగి, తాను రాసిన అంకె తానే కొట్టేశారు. వయసును, హోదాను పక్కన పెట్టి కంటికి కనిపించినదానికే విలువిచ్చే చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆ జాబితా ఈబర్డ్‌లోకి, అంటే ప్రపంచమంతటా వీక్షకులు చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్‌లోకి, వెళ్తుంది. 2023లో వచ్చిన ‘భారత పక్షుల స్థితి’ నివేదికకు పునాది ఇలాంటి జాబితాలే. 30 వేల మందికి పైగా వీక్షకులు చేసిన దాదాపు 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతులను పరిశీలించి, 178 జాతులపై అత్యధిక శ్రద్ధ అవసరమని తేల్చారు. దసరా నాడు చూస్తే శుభమని మనం పొలాల వెంట వెతికే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, తగ్గిపోతోందని చెప్పిందీ ఆ నివేదికే. ‘పాలపిట్ట?’ అని అడిగినప్పుడు ఎవరూ పలకని ఆదివారాలు కూడా ఆ లెక్కలో భాగమేనని తెలిశాక, ఏమీ కనిపించని రోజున కూడా వెళ్లడం మానలేదు.

ఇక నీటిపక్షుల గణన సంగతి. ఆసియా అంతటా జనవరిలో జరిగే ఈ లెక్క మన దేశంలో 1987 నుంచి నడుస్తోంది. మాకు ఒక చెరువు అప్పగించారు. నడినీటిలో వలస బాతుల పెద్ద గుంపు: సూదితోకవి, గార్గనీలు, షవెలర్లు కలగలిసి ఉన్నాయి. ఇంత గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. పది బాతులు ఎంత జాగా ఆక్రమించాయో కంటితో కొలిచి, అదే కొలతతో గుంపు చివరిదాకా జరుపుకుంటూ పోవాలి. సగానికి వచ్చామో లేదో, పెద్ద లెన్సుతో వచ్చిన సభ్యుడొకరు తూము పక్క నుంచి నీటి అంచుకు దిగారు. ఎగిరే బాతుల ఫొటో కావాలి ఆయనకు. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది, రెండు చుట్లు తిరిగి అవతలి ఊరి వైపు వెళ్లిపోయింది.

కోపంతో నా నోట మాట రాలేదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే ఈ బాతుల్లో చాలా రకాలు పగలు నీటి మీద సేదతీరి, రాత్రిళ్లు మేతకు వెళ్తాయి. వాటి విశ్రాంతిని ఒక ఫొటో కోసం చెడగొట్టడం నేను ఇప్పటికీ క్షమించలేను. జాబితా చదివేటప్పుడు ‘‘ఉజ్జాయింపుగా ఒక అంకె వేసేద్దాం’’ అన్నారు కొందరు. రాసే సారు ఒప్పుకోలేదు. ‘‘లెక్కపెట్టనిది అంకెగా రాయకూడదు. ఉన్నాయని మాత్రం రాద్దాం’’ అని ఎక్స్ గుర్తు వేశారు. తర్వాత ఆ కెమెరా సభ్యుడినే పిలిచి, గుంపు మొత్తం వచ్చిన ఫొటో ఉందా అని అడిగారు. ఉంది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో దాన్ని పెద్దది చేసి, గళ్లు గీసి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టారు. రెండు లెక్కలూ దాదాపు కలిశాయి. పొద్దున నోటికి వచ్చిన ఉజ్జాయింపు కంటే బాగా ఎక్కువ తేలింది! ఎక్స్ స్థానంలో ఆ అంకె చేరింది, ఫొటో నుంచి లెక్కించామన్న వివరంతో సహా. ఫొటో పనికొచ్చిందని బాతులను లేపడం ఒప్పయిపోదు. కానీ తప్పు చేసిన మనిషిని దూరం పెట్టకుండా లెక్కలోకి లాగిన పద్ధతికి మాత్రం నేను తలవంచాను.

ఆ తర్వాత, లెక్క పూర్తయ్యేదాకా కెమెరాలు కట్ట దిగకూడదని నియమం పెట్టారు. ఈ నియమం గురించి స్నేహితులందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ సారు వచ్చిన రోజుల్లో అది నిక్కచ్చిగా అమలవుతుంది. ఆయన రాని రోజుల్లో, చలికాలం జనం ఎక్కువైనప్పుడు, సడలిపోతోంది. గూళ్ల దగ్గరి ఫొటోలు గ్రూపులో పెట్టవద్దన్న మాటా అంతే.

పరిరక్షణ కోసమే చేరాలనుకుంటే ఓపిక కావాలి. శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే జాగాలో, మట్టి పోస్తున్నారనో, మురుగు కలుస్తోందనో అర్జీలు పెడతాం, మా జాబితాలు జతచేస్తాం. జవాబుకు నెలలు పడుతుంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లోనే జీవవైవిధ్య వారసత్వ స్థలం గుర్తింపు వచ్చింది. అయినా చుట్టూ అపార్ట్‌మెంట్లు ముసురుకున్నాయి. గుర్తింపుతో పని అయిపోదు, ఏటేటా లెక్క ఉండాలి.

సభ్యత్వం మంచిదేనా అని అడిగితే, నా మటుకు మంచిదే. మా ఇంటికి రెండు చెరువులు దగ్గర, ఆదివారాలు ఖాళీ, తెల్లవారుజామున కారులో ఎక్కించుకునే తోటి సభ్యురాలు ఉంది. నగరం తూర్పు చివర ఉండి, ఆ వేళకు బస్సు మీద ఆధారపడేవారికి ఇంత తేలిక కాదు. చెరువుల దగ్గర మరుగుదొడ్డి ఉండదు. ఆడవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చేవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. ఏడాది రుసుము కట్టే ముందు అతిథిగా ఒక నడకకు రానిస్తారు. అలా వస్తే, జాబితా చదవడం అయ్యేదాకా ఉండి వెళ్లండి.