పెంగ్విన్ నోట్లో చెత్త, నల్లాలో గాలి

సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు తిరిగొచ్చాం. రెండు రోజులు బాగానే గడిచాయి కాబట్టి వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఈ గోలంతా మొదటి రాత్రి గురించే.

కారులో నలుగురం: నేను, మా ఆవిడ, మోకాళ్ల నొప్పుల మా అత్తమ్మ, మూడో తరగతి చదివే మావాడు. పొద్దున్నే నల్లగొండలో బయలుదేరి దేవరకొండ మీదుగా డిండి చేరాం. ప్రాజెక్టు కట్ట మీద సకినాలు తిని, మధ్యాహ్నానికి ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దీన్ని. గుట్ట మీదికి కారు పోతుంది కాబట్టి అత్తమ్మకు ఇబ్బంది లేకపోయింది. కొండచరియ కింద గుడి, బండ సందుల్లోంచి కారే నీళ్లు, చల్లటి నీడ. ఆమె గంటసేపు అక్కడి నుంచి కదల్లేదు. అక్కడే ఉండిపోయినా బాగుండేది.

టెంటులో పడుకోవాలన్నది మావాడి కోరిక. దారికి దగ్గర్లో చెరువు పక్కన ఒక పార్కు ఉంది, అందులో టెంట్లు వేస్తారు. పేరు రాయను. ఫోన్లో ఫొటోలు చూసి వారం ముందే బుక్ చేశాను. ఒక్కో టెంటు 1,500 చొప్పున రెండింటికి 3,000, రాత్రి భోజనం మనిషికి 350 చొప్పున నలుగురికి 1,400. మొత్తం 4,400 ముందే కట్టేశాను. ఆ ఫొటోలు పార్కు తెరిచిన రోజు తీసినవని అక్కడికి పోయాకే అర్థమైంది.

సాయంత్రం ఐదున్నరకు చేరేసరికి గేటుకు గొలుసు, తాళం. బోర్డు మీది నంబరు స్విచాఫ్. ఇరవై నిమిషాలు హారన్ కొట్టాక, బండి మీద రెండు ఖాళీ బకెట్లు వేలాడేసుకుని ఒక పిల్లగాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. తాళం తీసి మమ్మల్ని లోపలికి పంపాడు, తరవాత టికెట్ కిటికీలోకి దూరి అటువైపు నుంచి మొహం పెట్టాడు. ఆన్‌లైన్లో కట్టామన్నా వినలేదు. "అది టెంటుకు సార్, ఇది గేటుకు" అని మనిషికి 20 చొప్పున 80 రూపాయల చీటీ చింపాడు. పార్కింగ్ 50. దానికి చీటీ లేదు.

లోపల చూడాలి వైభవం. కమాను మీద రెండు నెమళ్లు. మనిషెత్తు ఎర్ర అక్షరాల 'ఐ లవ్' బోర్డు, చీకటి పడగానే దానికదే వెలుగుతుంది. మరుగుదొడ్డిలో మాత్రం బల్బు లేదు. అడుగడుగునా నోరు తెరుచుకుని నిలబడ్డ పెంగ్విన్ చెత్తబుట్టలు, ఒక్కోదాని నోట్లోంచి పేపర్ ప్లేట్లు కక్కుతున్నాయి. మహబూబ్‌నగర్ ఎండల్లో పెంగ్విన్ ఏం చేస్తుందని మావాడు అడిగాడు. ఆకలి తప్ప మరో పని లేదన్నాను. ఆకలేమీ లేదు నాన్నా, కడుపు నిండి వాంతి చేసుకుంటోంది అన్నాడు. వాడి మాటే కరెక్టు.

మరుగుదొడ్లు రెండు. ఒకటి తాళం వేసి ఉంది. విరిగిన ఊయలలు, పాత సెల్ఫీ ఫ్రేమూ అందులో దాచారట. రెండోదాంట్లో నల్లా తిప్పితే పాము బుసకొట్టినట్టు గాలి వచ్చింది.

"మోటారు వైండింగ్ కాలిపోయి పది దినాలాయె సార్."

"మరి నీళ్లు?"

"నేను తెచ్చి పోస్తగద."

ఆ రెండు బకెట్లు అందుకన్నమాట. ఊరి బోరు కిలోమీటరు దూరం. అత్తమ్మ ఆ గది గడప దాకా పోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. "ఇంతకంటే మా ఊళ్లె చెల్కకు పోవుడే నయం బిడ్డా" అంది. తరవాత రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె కోపం అట్లాగే ఉంటుంది, అరిస్తే పోయేది కాదు.

టెంట్ల సంగతి సరేసరి. ఒకదానికి జిప్ లేదు, పిన్నీసులు పెట్టారు. రెండోదాని కర్ర విరిగితే సుతిలితో కట్టారు. చెద్దర్లకు ముక్కిన వాసన. భోజనం ఏదంటే వంటమనిషి పండక్కి పోయి తిరిగి రాలేదట. ఊళ్లో కిరాణా కొట్టు నుంచి గుడ్లు, బ్రెడ్డు తెప్పిస్తే మా ఆవిడే చలిమంట మీద అట్లు వేసింది. ఆ చలిమంట కట్టెలకు మళ్లీ 200. అప్పటికి లెక్క 4,730.

ఎనిమిదింబావుకు మా ఆవిడ లేచి నిలబడింది. "పదండి, శ్రీశైలం పోయి ఏదో ఒక సత్రంలో పడుకుందాం." పోవడానికి దారేదీ? శ్రీశైలం రోడ్డు నల్లమల అడవిలోంచి పోతుంది, జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు దగ్గర, అటు దోమలపెంట దగ్గర గేట్లు వేసేస్తారు. మేమున్న చోటి నుంచి తొమ్మిదిలోపు మన్ననూరు చేరలేం. ఆ దారిన పోయేవాళ్లు ఈ టైము గుర్తుపెట్టుకోండి. బస నచ్చకపోతే మారదామనుకుంటే కుదరదు.

ఇక చేసేదేంలేక చలిమంట దగ్గర ఆ పిల్లగాడితో మాటల్లో పడ్డాను. మొదట్లో ఐదుగురు ఉండేవాళ్లట: ఇద్దరు తోటపనికి, ఒకామె ఊడ్చడానికి, ఒక వాచ్‌మన్, టికెట్ దగ్గర ఇతను. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారినప్పుడల్లా ఒకరిద్దరు తగ్గుతూ వచ్చారు. ఇప్పుడు టికెట్టు, చీపురు, కాపలా, బకెట్లు అన్నీ ఇతనే. జీతం 9,000, అదీ మూడు నెలలుగా రాలేదు. మోటారు బాగుచేయించడానికి 6,000 కావాలని పైకి రాసి పంపితే, కొటేషన్లు మూడు తెమ్మన్నారట. అక్షరాల బోర్డు కరెంటు బిల్లు మాత్రం ఎవరో క్రమం తప్పకుండా కడుతున్నారు.

నేను సర్కారు బడి పంతులిని. ఈ కథ నాకు కొత్త కాదు. బడికి మరుగుదొడ్డి కట్టడానికి పైసలొస్తాయి, శిలాఫలకం వస్తుంది, ఫొటో దిగుతారు. రేపు పొద్దున దాన్ని కడిగే మనిషికి పైసలేవంటే ఎవరి దగ్గరా జవాబుండదు, టీచర్లమే తలా కొంత వేసుకుని ఒకామెను పెట్టుకుంటాం. అందుకే ఆ పిల్లగాడి మీద నాకు కోపం నిలవలేదు.

మా ఆవిడకు నిలిచింది. టెంటులో గుసగుసగా గొడవ. "చీటీ లేకుండా 50 తీసుకున్నడు. నూరు రూపాయల కట్టెలకు రెండొందలు గుంజిండు. జీతం రాకపోతే మన దగ్గర వసూలు చేస్తడా?" అంది. చేస్తాడు మరి, ఇంకెవరి దగ్గర చేయాలి అన్నాను. "మీకు అందరూ పాపమే, నేను తప్ప" అని అటు తిరిగింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను అన్నదాంట్లోనూ లేదు. సుతిలి కట్టిన కర్ర మాత్రం మూడింటికి ఊడి నా మీద పడింది.

పొద్దున కోతులు మిగిలిన సకినాలు ఎత్తుకుపోయాయి. సూచనల రిజిస్టరు అడిగితే తెచ్చిచ్చాడు, పెన్ను లేదు. నా పెన్నుతో రెండు పేజీలు రాశాను. నా ముందు రాసినాయన ఏడాది కిందట రాసిందీ నీళ్ల గురించే. ఈ మొత్తంలో సంతోషపడిందల్లా మావాడు. "మళ్లెప్పుడొస్తం నాన్నా?" అని వాడు అడిగితే వాళ్లమ్మ చూసిన చూపు నేను రాయలేను.

రెండో రోజు అదే అడవిలో ఫర్హాబాద్ వ్యూ పాయింట్ చూశాం. బాగుంది, పులి కనబడలేదు, కనబడుతుందని ఆశ పెట్టుకోకండి. రాత్రికి మహబూబ్‌నగర్లో 1,400కి మామూలు లాడ్జి గది. నల్లా తిప్పగానే వేడినీళ్లు వస్తే మా ఆవిడ బాత్రూంలోంచి పాట పాడింది. బస్టాండు దగ్గర మెస్సులో జొన్నరొట్టె 20, నాటుకోడి కూర 220. అత్తమ్మ మూడు రొట్టెలు తిని, ముందురోజు సాయంత్రం నుంచి బిగబట్టిన మాటలన్నీ అక్కడ విప్పింది.

మూడో రోజు పిల్లలమర్రి. ఏడొందల ఏళ్ల చెట్టు అంటారు. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2017 డిసెంబరులో జనాన్ని రానివ్వడం ఆపేసి, ఆ తరవాత సెలైన్ సీసాల్లా మందు సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా ఎక్కించారు. బరువు కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. ఒకప్పుడు మేం కాలేజీ పిల్లలుగా పోయి ఊడలు పట్టుకుని ఊగేవాళ్లం, బెరడు మీద పేర్లు చెక్కేవాళ్లం. ఇప్పుడు దూరం నుంచే చూడాలి, అదే మంచిది. పక్కనే శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన రాజరాజేశ్వరాలయం ఉంది, దాన్ని వదలకండి. మేం పోయినప్పుడు చెట్టు మొదట్లో ఇద్దరు మట్టి పెళ్లగించి మళ్లీ పోస్తున్నారు. ఇది రోజూ చేస్తారా అని అడిగితే "చేయకపోతే చెట్టుంటదా సార్" అన్నారు. మా పార్కు పిల్లగాడు గుర్తొచ్చాడు. మా ఆవిడకు కూడా వచ్చే ఉంటాడు, కానీ ఒప్పుకోలేదు.

టెంట్లలో ఉండాలనుకునేవాళ్లకు నా మాట: ఫొటోలు చూసి డబ్బు కట్టకండి. ఫోన్ చేసి ముందు మోటారు నడుస్తోందా, వంటమనిషి ఉన్నాడా, రాత్రి ఎంతమంది ఉంటారు అని అడగండి. ఒక్కడే అంటే వదిలేయండి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే మరీ.

ఇంటికొచ్చాక వాపసు కోసం ఐదుసార్లు ఫోన్ చేశాను. బుకింగు వాళ్లు పార్కును అడగమంటారు. పార్కులో ఎత్తేది మళ్లీ ఆ పిల్లగాడే. ఇరవై ఆరు రోజులకు, నిన్న, భోజనం తాలూకు 1,400 ఖాతాలో పడ్డాయి. టెంట్ల 3,000కు మాత్రం 'సేవ అందినందున వాపసు వర్తించదు' అని మెసేజి. పైకి చదివి వినిపించాను. అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది:

"అందింది గదా. ఆ పిలగాడు అలిసిపోతే పొద్దుగాల బకెట్లు మోసింది నువ్వే నాయె."