షుగరున్న మగవాళ్ల కోసం: గుంటూరు కొత్తపేటలో సున్తీ ఆపరేషన్

సిగ్గుపడి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నా. యాభై దాటాయి, షుగరు పాతదే. డపాగ్లిఫ్లోజిన్ మాత్ర మొదలెట్టాక ముందుతోలు కింద దురద, మంట, పగుళ్లు. ఆ మాత్ర చక్కెరను మూత్రంలోకి తోసేస్తుంది, ఇక అక్కడ ఫంగస్‌కి పండగే. చివరికి తోలు వెనక్కి రావడమే మానేసింది.

మొదట వెళ్లిన చోట (పేరెందుకులెండి) చూడకుండానే "లేజరా, స్టాప్లరా?" అంటూ ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. లేచి వచ్చేశా.

కొత్తపేటలోని ఈ యూరాలజీ క్లినిక్‌లో డాక్టరుగారు ముందు పరీక్ష చేశారు. షుగర్ డాక్టరుతో మాట్లాడి మాత్ర మార్పించారు. ఫంగస్ క్రీము, ఆ తర్వాత స్టెరాయిడ్ క్రీము. "దీంతో వదులైతే కత్తి అక్కర్లేదండీ" అన్నారు. నాకు కాలేదు, తోలు అప్పటికే తెల్లగా గట్టిపడింది. అప్పుడు గానీ ఆపరేషన్ మాట ఎత్తలేదు, అదీ షుగరు అదుపులోకి వచ్చాకే.

మత్తు ఆ ఒక్కచోటికే. సూది గుచ్చినప్పుడు ప్రాణం జివ్వుమంది, తర్వాత ఏమీ తెలియలేదు. కరిగిపోయే కుట్లు వేశారు. కోసిన తోలును బయాప్సీకి పంపడం నాకు బాగా నచ్చింది. లైకెన్ స్క్లెరోసస్ (తోలు తెల్లబడి గట్టిపడే జబ్బు) అని వచ్చింది, క్యాన్సర్ లేదు. మీరెక్కడ చేయించుకున్నా బయాప్సీ సంగతి అడగండి.

హాల్లో నా పక్కన ఒక సాయిబుగారు, మనవడికి ఒడుగులు (వాళ్లలో సున్తీని అలాగే అంటారు) చేయించడానికి వచ్చారు. ఆయన చిన్నప్పుడు ఇంటికే హజామ్ (మంగలి) వచ్చి "అదిగో పిట్ట" అని పైకి చూపించి కోసేశాడట. ఇప్పుడు విందు మాత్రం పాత పద్ధతే, కోత డాక్టరు దగ్గర. ఇది ఖురాన్‌లో లేదనీ, హదీసుల్లో ఉందనీ, ఇబ్రహీం ప్రవక్త నుంచి వస్తున్న సున్నత్ (ఆచారం) అనీ ఆయనే చెప్పారు. యూదులు కూడా ఆ అబ్రహాము పేరు మీదే పుట్టిన ఎనిమిదో రోజున చేస్తారు. డాక్టరుగారు ఆ పిల్లాణ్ని కూడా పరీక్షించాకే తేదీ ఇచ్చారు. మూత్రద్వారం కిందివైపున్న పిల్లలకు ముందే కోసేయకూడదట, దాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ తోలు కావాలి.

నన్ను "మరి మీకెందుకండీ?" అని ఆయన అడగలేదు. మా బావమరిది మాత్రం "ఏం బావా, పేరు కూడా మార్చుకున్నావా?" అన్నాడు.

ఎయిడ్స్ రాదట కదా అని కూడా వాడే అడిగాడు. ఆఫ్రికాలో మూడు దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు సోకడం 60 శాతం దాకా తగ్గిందని తేలాక, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు బాగా ఎక్కువున్న చోట్ల సున్తీని సిఫారసు చేసింది. అంతేగానీ కండోమ్ మానేయమని కాదు.

లోపాలా? డ్రెస్సింగ్ గదికి తలుపు లేదు, కర్టెనే. పైగా కాంపౌండరు "సున్తీ పేషెంట్ ఎవరండీ?" అని హాలంతా వినబడేలా పిలుస్తాడు. వదులు లుంగీలు సిద్ధం చేసుకోండి, తెల్లవారుజామున కుట్లు లాగుతాయి. ఆరు వారాలు దాంపత్యం బంద్. నాలుగు స్టార్లు ఇస్తున్నా, తలుపు పెట్టించాక అయిదోది.