భారీ సైన్స్ ఫిక్షనా, మనుషుల సైన్స్ ఫిక్షనా: ఏది మేలు?

మహబూబ్‌నగర్‌లో నా దగ్గర చదువుకునే డిగ్రీ పిల్లలు సినిమాల మాట వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "సార్, సైన్స్ ఫిక్షన్ అంటే గ్రాఫిక్స్ ఉన్నయి చూడాల్నా, మనుషుల కథలు చూడాల్నా?" రెండూ చూడమనే చెప్తాను. ఒక్కదానికే టైముంటే నా ఓటు మనుషుల కథకే.

అలాగని భారీతనాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో కాశీ ఎండిపోయి ఉంటుంది, నీళ్లూ తిండీ అన్నీ పైనున్న ‘కాంప్లెక్స్’ అనే భారీ కట్టడానికే చేరతాయి. అలాంటి లోకాన్ని కళ్లముందు నిలబెట్టడం మామూలు పని కాదు. పెద్ద తెర మీదే చూడాలి. అయితే హాల్లోంచి బయటికొచ్చిన పిల్లల నోట ఎక్కువగా వినబడింది అందులోని ‘బుజ్జి’ అనే కారు ముచ్చటే. 1991లో ‘ఆదిత్య 369’ చూసినవాళ్లకు టైమ్ మెషీన్ కనబడటమే అబ్బురం. ఇప్పుడు అడిగిందానికల్లా బదులిచ్చే ఏఐ జేబులోని ఫోన్‌లోనే ఉంది. దాన్ని చూసి నోరెళ్లబెట్టే రోజులు పోయాయి, అది మన బతుకుల్ని ఏం చేస్తుందోనన్న టెన్షన్ మొదలైంది. మనుషుల కథలు ఇప్పుడింతగా తగిలేది అందుకే.

‘ఇంటర్‌స్టెల్లార్’ (2014) సంగతే చూడండి. విపరీతమైన గురుత్వాకర్షణ ఉండే బ్లాక్ హోల్ దగ్గరున్న గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. గురుత్వాకర్షణ ఎక్కువున్న చోట కాలం నెమ్మదిస్తుందన్నది ఐన్‌స్టీన్ చెప్పిందే. హీరో కూపర్ ఆ గ్రహం నుంచి తిరిగి అంతరిక్ష నౌకలోకి వచ్చేసరికి ఇంటి దగ్గర 23 ఏళ్లు గడిచిపోతాయి. అన్నేళ్లూ ఇంటినుంచి వచ్చిన వీడియోలు వరసగా చూస్తాడు. కొడుక్కి బిడ్డ పుడతాడు, ఆ బిడ్డ పోతాడు, కూపర్ పిల్లల్ని చూసుకునే తాతా పోతాడు. చిన్నపిల్లగా వదిలొచ్చిన కూతురు చివర్లో కనిపించి, నువ్వు వెళ్లిననాడు నీకెంత వయసో ఇప్పుడు నాకూ అంతే అంటుంది. పాలమూరోళ్లకు ఈ సీన్ విడమరిచి చెప్పాలా? బొంబాయి, పూణె పనులకు పోయిన అమ్మానాన్నలు, అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో పెరిగిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది! పంటలన్నీ పోయి మక్కలే మిగిలిన ఆ సినిమాలోని భూమి కూడా కరువు చూసినవాళ్లకు కొత్తేం కాదు.

నాకు తేల్చేది ఒక్కటే. కథలోంచి సైన్స్ తీసేసినా ఆ బాధ అలాగే నిలిస్తే అది ఫ్యామిలీ సెంటిమెంటు మాత్రమే. ఇక్కడ కాలం నెమ్మదించకపోతే ఆ తండ్రి కన్నీళ్లే లేవు. గ్రాఫిక్స్ ఎంత గొప్పగా ఉన్నా, యంత్రం వల్ల ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలియకపోతే ఆ కథ నాకు మర్నాటిదాకా గుర్తుండదు.

తెలుగులో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’. ప్రమాదంలో పోయిన అమ్మను కాపాడుకోడానికి కొడుకు 1998కి వెళ్తాడు. టైమ్ మెషీన్ లేకపోతే వాడికి ఆ ఆశే పుట్టదు.

గ్రహాంతరవాసులతో యుద్ధాల సినిమాలు సరదాకి చూడొచ్చు, అంతే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ‘ఆదిత్య 369’తో మొదలుపెట్టండి. ‘ఇంటర్‌స్టెల్లార్’ ఇంటర్ దాకా ఆగినా నష్టం లేదు.