హెల్మెట్‌లో గాలి హోరుకి మెడపట్టీ: పదిహేను నెలలు వాడాక

గుంటూరు నుంచి సాయంత్రం విజయవాడ పటమటలో ఇంటికి చేరి హెల్మెట్ తీశాక కూడా చెవుల్లో గుయ్‌మని మోత ఉండిపోయేది. అన్నం తినేదాకా తగ్గేది కాదు. మా అమ్మాయి పక్కగదిలోంచి "నాన్నా, ఎన్నిసార్లు పిలవాలి?" అని అరుస్తుంటే నేను టీవీ సౌండ్ పెంచుకుంటూ కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ మోత లేదు. దాన్ని పోగొట్టింది ఖరీదైన హెల్మెట్టేమీ కాదు, ఆటోనగర్‌లో బండి సీట్లకి కవర్లు కుట్టే అబ్బాయి చేత 350 రూపాయలకి కుట్టించుకున్న, హెల్మెట్ కింది అంచుకి అతికే ఒక గుడ్డ చుట్ట. మా ఆఫీసులో అందరం దాన్ని మెడపట్టీ అంటున్నాం. మొదటి వారంలో కనిపించిన ప్రతివాడికీ దాని గొప్ప చెప్పాను. ఆ మాటల్లో కొన్ని ఇప్పుడు సవరించుకోవాలి కాబట్టి ఇది రాస్తున్నా.

నాది 150 సీసీ బండి, ముందు అద్దంగిద్దం ఏమీ లేదు. రానూపోనూ రోజుకి 70 కిలోమీటర్ల పైమాటే, ఎక్కువ భాగం హైవే మీదే, 70-80 వేగం. హెల్మెట్ ఫుల్ ఫేస్, ఐఎస్ఐ మార్కుది, సైజు సరిగ్గానే ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత అదే ధరలో ఇంకో రెండు పెట్టుకుని చూశాను, అవీ అంతే.

ముందు తప్పుడు చోట వెతికాను. హోరు పైనున్న గాలి రంధ్రాల్లోంచి వస్తోందనుకుని వాటి మీద టేపు అంటించాను. సన్నగా వచ్చే ఈల పోయింది, హోరు పోలేదు. వైజర్ రబ్బరు సరిగ్గా ఆనట్లేదేమోనని కాగితం ముక్క ఒకటి మధ్యలో పెట్టి వైజర్ మూసి లాగి చూశాను. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. ఎడమవైపు అలాగే వచ్చింది, స్క్రూలు వదులు చేసి వైజర్ని కొంచెం వెనక్కి జరిపి బిగిస్తే సరిపోయింది. మళ్లీ ఈలే తగ్గింది. ఆ తర్వాత బండికి పొడుగాటి విండ్‌షీల్డ్ పెట్టించాను, దాంతో ఇంకా పెరిగింది. షీల్డ్ పై అంచు దాటేటప్పుడు గాలి సుళ్లు తిరుగుతుంది, నా ఎత్తుకి ఆ సుళ్లన్నీ సరిగ్గా గడ్డం దగ్గరే తగిలేవి. నెల తిరక్కుండా తీయించేశాను.

అసలు సంగతి తెలిసింది కనకదుర్గ వారధి మీద. నవంబర్ పొద్దున్నే కృష్ణ మీంచి చలిగాలి కొడుతుంటే ఒళ్లు ముడుచుకుని భుజాలు పైకెత్తాను, గడ్డం కిందికి దిగింది, హెల్మెట్ కింది అంచు జర్కిన్ కాలర్ మీద ఆనింది. అంతే, హోరు సగానికి సగం పడిపోయింది. భుజాలు దించితే వచ్చేసింది. ఎత్తితే పోయింది. తాడేపల్లి దాకా అదే పని చేస్తూ వెళ్లాను. అంటే మూడేళ్లుగా నా చెవులు మోగిస్తున్న గాలి పైనుంచి కాదు, మెడ చుట్టూ ఉన్న సందులోంచి వస్తోంది. హెల్మెట్ కింద వంటగిన్నె మూతిలా వెడల్పుగా తెరిచి ఉంటుంది కదా, గాలి ఆ అంచు కింద చెదిరి లోపలికి సుడి తిరుగుతుంది. లోపలున్న థర్మాకోల్ సన్నటి శబ్దాల్ని కొంత ఆపుతుంది గానీ ఈ బొంగురు హోరుకి అది పెద్దగా అడ్డం కాదు.

ఆ శనివారమే హెల్మెట్ పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. కుట్టే అబ్బాయి చాలా ఓపిగ్గా టేపుతో కింది అంచు చుట్టూ కొలిచాడు. లోపలి వైపు బనియన్ గుడ్డ, బయట వర్షపు కోటు గుడ్డ, మధ్యలో మెత్తటి ఫోమ్. హెల్మెట్ లోపలి మెత్తకి వెల్క్రోతో అతుక్కుంటుంది. గమ్ మాత్రం వద్దన్నాను, కొన్ని గమ్‌లు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. గడ్డం కింద కట్టే పట్టీ ఈ చుట్ట మీదుగా కాకుండా తిన్నగా చర్మానికి ఆనేలా రెండు పక్కలా సందు వదిలించాను. మీరు కుట్టించుకున్నా ఇది మాత్రం వదలొద్దు, పట్టీ వదులైతే హెల్మెట్ పెట్టుకుని ప్రయోజనం లేదు. మొదటిది రెండంగుళాల మందం వచ్చింది. మెడ తిరగలేదు. సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కుతూ కుడివైపు చూడబోతే చుట్ట భుజానికి అడ్డుపడింది, లారీ హారన్ కొట్టాకే దాన్ని చూశాను. ఆ రోజే వెళ్లి అంగుళానికి తగ్గించి కుట్టించాను.

రెండోది పెట్టుకుని వెళ్లిన మొదటి సోమవారం గురించి చెప్పాలి. మంగళగిరి దాటాక, కాజ టోల్ గేటు ఇంకా రాకముందు, కింద ఎక్కడో టక్ టక్ టక్ అని మొదలైంది. గ్యాస్ తగ్గిస్తే గట్టిగా, పెంచితే మెల్లగా. బండికి ఏదో అయిపోయిందని టెన్షన్ వచ్చేసింది. ఇంజనులో ఏదైనా విరిగిందా, బోల్టు ఊడిందా అని పక్కకి తీసి ఆపాను. న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేస్తే ఏమీ లేదు. మళ్లీ కదిలితే ఉంది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే అప్పుడు దొరికింది. చైను జోలెలా వేలాడుతోంది, ఊగినప్పుడల్లా కింద చైన్ కవర్ రేకుకి కొట్టుకుంటోంది. రేకు మీద నా చూపుడువేలంత పొడవున పెయింటు అరిగిపోయి తెల్లగా మెరుస్తున్న గీత ఉంది. ఆ గీత ఒక్క రోజులో పడేది కాదు. కనీసం రెండు నెలలుగా అది అలా కొట్టుకుంటూనే ఉంది, గాలి హోరులో నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. మెల్లగా పెదకాకాని దాకా తీసుకెళ్లి మెకానిక్‌కి చూపిస్తే, చైను తిరిగే చక్రాల పళ్లు కూడా కొక్కేల్లా వంగిపోయాయి, ఇక బిగించి లాభం లేదు అన్నాడు. చైన్ సెట్టు మొత్తం మార్పించాను. 80లో వెళ్తుండగా ఆ చైను తెగి వెనక చక్రంలో ఇరుక్కుంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం లేదు. చెవులకి విశ్రాంతి కోసం కుట్టించుకున్నది బండి మాట వినిపించింది. ఈ ఒక్క కారణానికే దాని మీద నాకు అంత ప్రేమ.

జనవరి వచ్చింది. నంబూరు, యూనివర్సిటీ వైపు పొలాల మీంచి పొద్దున్నే మంచు దిగుతుంది. మెడ చుట్టూ మూసేస్తే నా ఊపిరి కిందికి పోయే దారి కూడా మూసుకుపోయిందన్నది నాకు తట్టలేదు. వైజర్ లోపలంతా ఒక్కసారి ఆవిరి కమ్మేసింది, ముందున్న లారీ వెనక లైట్లు రెండు ఎర్ర మరకల్లా కనపడ్డాయి. వైజర్ ఎత్తేసి, కళ్లనీళ్లు కారుతుండగా ఎడమ పక్కకి తీశాను. అది మెడపట్టీ లోపమే, పూర్తిగా దానిదే. ఆ వారం గడ్డం ముందు నాలుగు వేళ్ల వెడల్పు కత్తిరించి అంచు కుట్టించాను. ఆవిరి తగ్గింది, హోరు కొంచెం తిరిగొచ్చింది. మొదట్లో సగానికి సగం అన్నాను కదా, ఇప్పుడు మూడో వంతు తగ్గిందంటే సరిగ్గా ఉంటుంది.

వేసవి సంగతి క్లుప్తంగా: ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ చివరిదాకా పెట్టుకోలేదు. వడగాలిలో మెడ చుట్టూ ఫోమ్ కట్టుకోవడం మనిషి చేసే పని కాదు, పావుగంటకే చెమటతో తడిసిపోయి కంపు కొట్టేది.

ఆ మూడు నెలలు నన్ను కాపాడింది ఇయర్ ప్లగ్గులు. చెవి డాక్టర్‌కి చూపించుకుంటే వినికిడి పరీక్ష చేసి, ఇప్పటికి నష్టం పెద్దగా లేదు, కానీ ఇలాగే కొనసాగనివ్వొద్దు అన్నారు. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి 8 గంటలు భరించొచ్చట, అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర గంట. 100 వేగంలో హెల్మెట్ లోపల 95 దాటడం మామూలే, నాది 70-80 వేగమే అయినా నా రోజువారీ లెక్క ఎటు పోతోందో అర్థమైంది. ఫోమ్ ప్లగ్గుని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. ఊరికే దూర్చితే పని చేయవు, నేను మొదటి పది రోజులు అలాగే పెట్టుకుని ఇవి దండగ అనుకున్నాను. హారన్లు వినపడవేమోనని భయపడ్డాను గానీ హైవే మీద ఇంకా స్పష్టంగా తెలుస్తాయి, గాలి మోత తగ్గుతుంది కదా. గుంటూరు ఊళ్లోకి రాగానే మాత్రం తీసేస్తాను, ఆటోలు పక్కనుంచి దూరేచోట నాకు అలవాటు కాలేదు.

నిజం చెప్పాలంటే హోరు తగ్గించడంలో ప్లగ్గులే ఎక్కువ. కానీ వాటితో ఆ చైను చప్పుడు నాకు వినపడేదా అంటే అనుమానమే, అందుకే చలికాలంలో మెడపట్టీ వదల్లేదు. బెంజ్ సర్కిల్ నుంచి గవర్నర్‌పేట దాకా తిరిగేవాళ్లకి రెండూ అక్కర్లేదు, ఆ వేగంలో గాలికంటే ఇంజనే ఎక్కువ వినిపిస్తుంది. నాలాగా రోజూ హైవే ఎక్కేవాళ్లయితే, ముందు భుజాలెత్తి చూడండి. హోరు తగ్గితే మీది కూడా మెడ సందే. తగ్గకపోతే కుట్టించుకోవద్దు, మా ఆఫీసులో ఒకాయన హెల్మెట్ కింద బిగుతుగానే ఉంటుంది, ఆయనకి దీనివల్ల తేడా ఏమీ తెలియలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి, ఎండలు మొదలవుతున్నాయి. ఈ వారం మూడోది కుట్టడానికి ఇచ్చాను, ఫోమ్ లేకుండా వలగుడ్డతో, చెవుల కింద నుంచి వెనకవైపు మాత్రమే ఉండేలా. ఏప్రిల్ దాకా నిలుస్తుందేమో చూడాలి.