మగ్గుతో నీళ్లు పోసే కుండీలకు కోకోపీటా, పెర్లైటా?

విశాఖలో మేడ మీద కుండీలకు చేత్తో నీళ్లు పోసేవాళ్లకు నా ఓటు కోకోపీట్‌కే, అంటే కుండీలో నింపే కొబ్బరి పొట్టుకే. తన బరువుకు ఏడెనిమిది రెట్లు నీరు పట్టుకుంటుంది. మే నెలలో ఒక పూట నీళ్లు పోయలేకపోయినా పెద్ద టెన్షన్ ఉండదు. కాకపోతే ఈ పొట్టులో ఉప్పు ఉంటుంది. డికాక్షన్ రంగులో దిగే నీళ్లు తేటపడేదాకా కడగాల్సిందే. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది, కాబట్టి వేలు రెండు కణుపులు దింపి చూశాకే మగ్గు ఎత్తండి.

పెర్లైట్ అంటే అగ్నిపర్వత గాజును కాల్చి పొంగించిన తెల్ల గింజలు. వేర్లకు గాలి బాగా ఆడుతుంది, నీరు మాత్రం ఇట్టే జారిపోతుంది. పైగా మగ్గుతో గట్టిగా పోస్తే గింజలు పైకి తేలతాయి. అక్టోబరు తుపాను వానల్లో వేర్లు కుళ్లకుండా కాపాడేది అదే కనుక, మూడు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు పెర్లైట్ కలుపుతాను. రెండింటిలోనూ పోషకాలు దాదాపు ఉండవు, ఎరువు వేరుగా ఇవ్వాలి.