బరంపురంలో లైట్ ట్రీట్‌మెంట్, మా తమ్ముడు చెప్పిన సన్‌బెడ్: 58 సిట్టింగుల తర్వాత నా రివ్యూ

బొల్లి మచ్చలకు ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు చర్మ క్లినిక్‌లో లైట్ ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాను. ఎనిమిది నెలలైంది, నిన్నటికి 58 సిట్టింగులు. క్లినిక్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి గదిలోకి అడుగుపెట్టే ముందు ఎవరైనా ఏం చూసుకోవాలి, ఏం అడగాలి అన్నదే నేను చెప్పాలనుకుంటున్నది. పర్లాకిమిడి, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే మనవాళ్లు చాలామంది నాకు అక్కడ బెంచీ మీద పరిచయమయ్యారు, అందరివీ ఒకే ప్రశ్నలు, అందుకే తెలుగులో రాస్తున్నాను.

నాది చీరలకు ఫాల్, పీకో వేసే చిన్న షాపు. రోజంతా చేతులు జనం కళ్ల ముందే ఉంటాయి. మూడేళ్ల కిందట వేళ్ల చివర తెల్లబడ్డాయి, తర్వాత మోచేతులు, మెడ, ఎడమ చెంప. డబ్బు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్లేవాళ్లు మొదలయ్యారు. వాళ్లను తిట్టను, భయం అది, కానీ బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు అసలే కాదు, ముట్టుకుంటే రాదు. మెడికల్‌లో (ఎం.కె.సి.జి. ఆసుపత్రిని ఇక్కడ అందరూ మెడికల్ అనే అంటారు) చర్మ విభాగం ఓపీలో మచ్చ మీద దూదితో రాసి స్పర్శ తెలుస్తోందా అని చూశారు, తెలిసింది. చీకట్లో వుడ్స్ లాంప్ అనే నీలి లైటు వేసి చూస్తే మచ్చలు సున్నం పూసినట్టు వెలిగాయి. అక్కడే తేలిపోయింది.

అప్పుడే మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ సన్‌బెడ్ షాపులు ఉంటాయి, పడుకుంటే పైన కింద ట్యూబులు వెలుగుతాయి, పది నిమిషాల్లో ఒంటికి రంగు వస్తుంది, మీ డాక్టర్లు ఇచ్చేది కూడా ఇదే యూవీ లైటు కదా, నువ్వు ఒక మూడు నెలలు వచ్చి ఉండు, లేదంటే సెకండ్‌హ్యాండ్ బెడ్ ఒకటి కొని పంపించేస్తాను" అన్నాడు. ప్రేమతో అన్నాడు, నాకూ ఆశ పుట్టింది. మన పార్లర్లలో డీటాన్ అని డబ్బులిచ్చి నలుపు తీయించుకుంటాం, అక్కడ డబ్బులిచ్చి నలుపు వేయించుకుంటారు, అలాంటప్పుడు రంగే లేని నా మచ్చకు అది బాగా పనిచేస్తుందేమో అనుకున్నాను.

అదే మాట డాక్టరమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అంతకుముందు ఎవరూ అలా విడమరిచి చెప్పలేదు. యూవీ అంటే ఎండలో ఉండే, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు, అందులో ఎ, బి అని రకాలు. టానింగ్ బెడ్‌లో, అంటే ఆ సన్‌బెడ్‌లో, వచ్చేది చాలా వరకు యూవీ-ఎ, 95 శాతం పైనే, మిగతా కాస్త యూవీ-బి. శక్తిమంతమైన బెడ్లలో ఆ యూవీ-ఎ మిట్టమధ్యాహ్నపు ఎండ కన్నా 10 నుంచి 15 రెట్లు కూడా ఉంటుంది. దాని కింద పడుకుంటే రంగు ఉన్న చర్మం ఇంకా నల్లబడుతుంది, మచ్చలో రంగు తయారుచేసే కణాలే లేవు కాబట్టి అది నల్లబడదు, కాలుతుంది. అంటే మచ్చకూ పక్క చర్మానికీ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాలినచోట కొత్త మచ్చ కూడా రావచ్చు, బొల్లి ఉన్నవాళ్లకు దెబ్బ తగిలినా గీసుకున్నా అక్కడ మచ్చ లేచే గుణం కొందరిలో ఉంటుంది. ఇది విన్నాక ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి బెడ్ గిడ్ ఏమీ కొనొద్దురా అని చెప్పేశాను.

క్లినిక్‌లో వాడేది నారోబ్యాండ్ యూవీ-బి. మొత్తం యూవీలో 311 నానోమీటర్ల దగ్గర ఒక సన్నటి ముక్క మాత్రమే తీసుకుని వెలిగే ట్యూబులు. రోమాల మొదళ్లలో మిగిలి ఉన్న కణాలను అది లేపుతుందట, అందుకే రంగు ముందు చుక్కలు చుక్కలుగా ఒక్కో రోమం చుట్టూ వస్తుంది. వెంట్రుకలు కూడా తెల్లబడిపోయిన మచ్చ, అసలు వెంట్రుకలే లేని వేళ్ల చివరలు, వీటికి ఆశ తక్కువ. ఈ మాట మొదటి రోజే చెప్పారు, అందుకు ఆ డాక్టరమ్మకు నా పూర్తి మార్కులు. ముందే ప్యాకేజీ అంటగట్టి, వేళ్లు కూడా నయమైపోతాయని చెప్పే చోట్లు ఉన్నాయని బెంచీ మీద వాళ్ల నోట విన్నాను.

గది ఎలా ఉంటుందంటే, నిలువు బీరువా లాంటి చాంబర్, చుట్టూ పొడవాటి ట్యూబులు. నిలబడాలి, నల్ల గాగుల్స్ పెట్టుకోవాలి, మచ్చలు లేని చోటు గుడ్డతో కప్పుకోవాలి. మొదటి రోజు 200 మిల్లీజౌల్స్ (లైటు డోసును ఈ లెక్కలో కొలుస్తారు), అంటే ఆ మెషీన్ మీద ఒక 40 సెకన్లు. ఇంతేనా అనిపించింది. వారానికి రెండు సార్లు, వరుస రోజుల్లో కాదు, ప్రతిసారీ పదో ఇరవయ్యో శాతం పెంచుతూ పోయారు, ఇప్పుడు 900 దగ్గర ఆగాం, మూడు నిమిషాలు. ఇంటికెళ్లాక మచ్చ లేత గులాబీ రంగులోకి వచ్చి మర్నాటికి తగ్గిపోతే డోసు సరిగ్గా ఉన్నట్టు. రెండో రోజు కూడా ఎర్రగా, మంటగా ఉంటే ఎక్కువైనట్టు. రాత్రి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ కూడా ఇచ్చారు.

ఇక ఫిర్యాదు. ఐదో నెలలో ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర, మా వీధంతా చుట్టాలు, ట్రాఫిక్ కదలదు, షాపులో పని పీకలదాకా, మొత్తం 17 రోజులు నేను వెళ్లలేదు. తిరిగి వెళ్లిన రోజు డాక్టరమ్మ లేరు, కొత్తగా చేరిన అమ్మాయి "రండి అపా" (ఒడియాలో అక్కా) అని లోపలికి పంపి, రిజిస్టర్‌లో చివరి అంకె చూసి అదే డోసు పెట్టేసింది, తేదీ చూడలేదు. సాయంత్రానికి మెడ భగ్గుమంది. నాలుగు రోజులు బ్లౌజు అంచు తగిలితే ప్రాణం పోయినంత పనైంది. తర్వాత డాక్టరమ్మ చెప్పారు, రెండు వారాల పైన గ్యాప్ వస్తే డోసు సగానికి తగ్గించాలి, మూడు వారాలు దాటితే మళ్లీ మొదటి నుంచి రావాలి అని. క్షమాపణ అడిగారు, ఆ సిట్టింగుకు డబ్బు తీసుకోలేదు, ఇప్పుడు గోడ మీద ఆ లెక్క రాసి అంటించారు. నేను చెప్పేది, మీ డోసు, తేదీ, ఎన్ని రోజులు మచ్చ ఎర్రగా ఉంది, ఈ మూడూ మీ సొంత పుస్తకంలో రాసుకోండి, లోపలికి వెళ్లే ముందు మీరే చదివి వినిపించండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

ఈ కాలిన నాలుగు రోజులూ నాకు సన్‌బెడ్ గురించి ఇంకో విషయం అర్థమయ్యేలా చేశాయి. డాక్టరు ఉన్న చోట, రిజిస్టర్ ఉన్న చోట, మిల్లీజౌల్స్ లెక్కలో కొలిచి ఇచ్చే చోటే ఒక్క పొరపాటుకు ఇంత కాలితే, చర్మం చూసే డాక్టరు లేని షాపులో, ఏ బెడ్‌లో ఏ ట్యూబు ఎంత శక్తితో వెలుగుతుందో కూడా ఒకేలా ఉండని చోట, నిమిషాల లెక్కన అమ్మే లైటు కింద పడుకోవడం ఏం పని?

అయినా మా తమ్ముడు చెప్పిన లాభాలు ఒక్కొక్కటిగా కూర్చుని చూశాను, కొట్టిపారేయడం న్యాయం కాదు కాబట్టి. విటమిన్-డి వస్తుంది అంటారు. శరీరం డి తయారుచేసుకునేది యూవీ-బితో, బెడ్‌లో ఎక్కువగా ఉండేది యూవీ-ఎ. డి తక్కువైతే మన ఊళ్లో మందుల షాపులో 60,000 యూనిట్ల సాచెట్ దొరుకుతుంది, డాక్టరు చెప్పినన్ని వారాలు పాలల్లో కలుపుకుని తాగితే సరి, దానికి చర్మం కాల్చుకోనక్కర్లేదు. ముందే కాస్త నల్లబడితే ఎండకు చర్మం కాలదు అంటారు, ఆ నలుపు ఇచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే అంకె) మూడో నాలుగో ఉన్న సన్‌స్క్రీన్ క్రీము పాటిది మాత్రమే. మనసుకు హాయిగా ఉంటుంది అంటారు, అది నిజమే, యూవీ తగిలినప్పుడు చర్మం ఎండార్ఫిన్ లాంటివి తయారుచేస్తుంది, అందుకే కొందరు మానలేకపోతారు కూడా, ఆ భాగం నాకు భయంగానే అనిపించింది. సోరియాసిస్ ఉన్నవాళ్లకు కాస్త తగ్గుతుంది అన్నది కూడా పూర్తి అబద్ధం కాదు, బెడ్‌లో ఉండే ఆ కొద్ది యూవీ-బి వల్ల కొందరికి తగ్గుతుంది, కానీ ఎంత తగ్గుతుంది, ఎంత కాలుతుంది అన్నది ఎవరి చేతిలోనూ లేదు, అదే జబ్బుకు కొలిచి ఇచ్చే నారోబ్యాండ్ ఉండగా దాని జోలికి ఎందుకు వెళ్లాలి?

నష్టాల వైపు చూస్తే బరువు చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2009లో టానింగ్ బెడ్లను సిగరెట్ పొగ ఉన్న మొదటి గ్రూపులోనే, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో, చేర్చింది. 35 ఏళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పు 59 శాతం ఎక్కువని 2012లో పలు అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. బ్రెజిల్ 2009లోనే అందం కోసం వాడకాన్ని నిషేధించింది, ఆస్ట్రేలియాలో వ్యాపారంగా నడపడానికి వీల్లేదు, మా తమ్ముడు ఉన్న ఇంగ్లండ్‌లో కూడా 2011 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను ఎక్కించకూడదు. ఒక మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఈ క్యాన్సర్ లెక్కలు ఎక్కువగా తెల్లచర్మం వాళ్ల మీద తీసినవి, మన చర్మానికి ఆ అంకె అలాగే వర్తిస్తుందని నేను అనను. కానీ కళ్లకు దెబ్బ, చర్మం లోపలి పొర దెబ్బతిని ముడతలు రావడం మనకూ తప్పవు, బొల్లి మచ్చకైతే రక్షణే లేదు.

మా అమ్మమ్మ కాలం పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ చేస్తున్నారు. బావంచాలు (బాకుచి గింజలు) నూరి మచ్చకు రాసి ఎండలో కూర్చోవడం. అది మూఢనమ్మకం కాదు, ఆ గింజల్లో సోరాలెన్ అనే, చర్మాన్ని లైటుకు సున్నితంగా చేసే పదార్థం ఉంది, ఆ మందునే డాక్టర్లు యూవీ-ఎతో కలిపి పూవా పేరుతో 1970ల నుంచి వాడారు. కానీ మా పిన్ని ఒకసారి అలా రాసుకుని గోపాలపురం ఎండలో ఒక పూట ఉండేసరికి చేతులంతా బొబ్బలు లేచాయి, ఆ బొబ్బల చోట ఇప్పటికీ గుర్తులున్నాయి. పూవా ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లలో చర్మ క్యాన్సర్లు పెరిగాయి, నారోబ్యాండ్‌తో ఇప్పటివరకు అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదని డాక్టరమ్మ చెప్పారు. అలాగని జీవితాంతం తీసుకునే లైటు కాదు ఇది, అవసరం తీరగానే ఆపేయాలి అని కూడా చెప్పారు.

ఫలితం ఏమిటంటారా. చెంప మీద మచ్చ దాదాపు నిండింది, దగ్గరికి వచ్చి చూస్తే తప్ప తెలియదు. మెడ సగం పైన. మోచేతుల మీద చుక్కలు వచ్చాయి, కలవడానికి టైమ్ పడుతుంది. వేళ్లలో ఏ మార్పూ లేదు, చెప్పినట్టే. మొదటి రెండు నెలలు ఏమీ కనబడక చాలా టెన్షన్ పడ్డాను, రోజూ అద్దం, రోజూ ఏడుపు. 20 సిట్టింగులకే మానేసి వెళ్లిపోయినవాళ్లను ముగ్గురిని చూశాను. నెమ్మదిగా స్పందించేవాళ్లూ ఉంటారు కాబట్టి 72 సిట్టింగుల వరకు చూడకుండా పనిచేయలేదని తేల్చకూడదట, ఈ అంకె మొదటి రోజే తెలిస్తే వాళ్లు ఆగేవాళ్లేమో.

డబ్బు సంగతి. సిట్టింగుకు 300, పది కలిపి కడితే 2,700. వారానికి రెండు అంటే నెలకు 2,400 దాకా, ఆయింట్‌మెంట్ వేరే. నా లాంటి షాపువాళ్లకు అది తక్కువ కాదు. నాకైతే ఆటోలో పదిహేను నిమిషాల దూరం, పర్లాకిమిడి నుంచి వచ్చే ఒక అన్నయ్యకు సిట్టింగు మూడు నిమిషాలు, బస్సు రానూ పోనూ రోజంతా, రెండు నెలలకే ఆయన అలసిపోయారు. ఆయనకు డాక్టరమ్మ చేతిలో పట్టుకునే చిన్న ఇంటి లాంపు రాసిచ్చారు, చిన్న మచ్చలైతే అది నడుస్తుంది, కానీ 311 నారోబ్యాండ్ ట్యూబు అవునా కాదా, టైమర్ ఉందా, గాగుల్స్ ఇచ్చారా చూసి, డాక్టరు రాసిన సెకన్ల ప్రకారమే వాడాలి. గోళ్ల పాలిష్ ఆరబెట్టే లాంపు తెచ్చి మచ్చకు పెట్టుకున్న అమ్మాయిని కూడా అక్కడే చూశాను, పాపం, దయచేసి అలా చేయకండి.

మిగతావి చిన్నవి. గాగుల్స్ అందరికీ అవే, తుడిచి ఇవ్వమని అడగాలి, అడిగితే ఇస్తారు, నేను 250 పెట్టి సొంతంగా కొనుక్కున్నాను. ఆడవాళ్లకు ఆడమనిషే ఉంటుంది, తలుపుకు లోపల గడియ ఉంది, ఫ్యాన్ ఉంది కానీ వేసవిలో చాలదు. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు ఎన్ని సెకన్లు అయ్యాయో అక్కడే రాయించుకోండి. వేరే జబ్బుకు ఏవైనా మాత్రలు వాడుతుంటే, ముఖ్యంగా డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, ముందే చెప్పండి, కొన్ని మందులు లైటుకు చర్మాన్ని సున్నితంగా చేస్తాయి, వాళ్లు అడగడం మర్చిపోయినా మీరు చెప్పండి. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లు ఈ లైటు జోలికే రాకూడదు.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఆ ఒక్కటి తగ్గించింది మెడ కాలినందుకు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక రద్దీ తక్కువ, నేనూ ఆ టైముకే ఉంటాను, మచ్చలు పెట్టుకుని రావడానికి మొహమాటపడే ఆడపిల్లలు ఎవరైనా ఉంటే వచ్చి నా పక్కన కూర్చోండి.